పెళ్లికి రెండు రోల్స్ ఫిలిం కావాలంట, ఈ రోజుల్లో ఎందుకండీ ఇది?

బ్రాడీపేట_క్లిక్
వచ్చే నెల తెనాలిలో ఒక పెళ్లి ఒప్పుకున్నా. అడ్వాన్స్ తీసుకున్నాక నిన్న పెళ్లికూతురు ఫోన్ చేసి, "మిగతాదంతా మీ ఇష్టం అండి, రెండు రోల్స్ మాత్రం ఫిలిం మీద తీయండి" అంది. ఫిలిం అంటే వీడియో అనుకున్నా. కాదంట, రీలు. 36 ఫోటోల రీలు.

నా దగ్గర రెండు ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరా బాడీలు ఉన్నాయి, ఒకటి 45 మెగాపిక్సెల్. ఒకేసారి రెండు కార్డుల్లో రికార్డ్ అవుతుంది, చీకట్లో కూడా కన్ను వెతికి ఫోకస్ చేస్తుంది. ఇవన్నీ పక్కన పెట్టి, మా నాన్న బీరువాలో చీరల కింద పడుకున్న నికాన్ ఎఫ్ఎం2 ఫిలిం కెమెరాని లేపాలి. కలర్ రోల్ ఒకటి వెయ్యి చెబుతున్నారు. కడిగి స్కాన్ చేసే ల్యాబ్ గుంటూరులో నాకు తెలిసి లేదు, కొరియర్‌లో బయటికి పంపాలి. అన్నీ కలిపితే 72 ఫోటోలకి మూడున్నర వేలు దాటుతోంది.

ఎలా తీయాలి అని కాదు నా ప్రశ్న (అది కూడా అడుగుతా, తర్వాత). ఎందుకు అని. నాన్న స్టూడియో నడిపినప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు దారి ఉండి కూడా ఇటు వచ్చేవాళ్లకి ఏం కనిపిస్తోంది? ఇంకొకటి, రోల్ ఖాళీగా వస్తే ఎవరి మీద పడతారు?

రాఫైల్_రాజా
రెండో ప్రశ్నకి జవాబు సులువు. మీ మీదే పడతారు.
మొదటిదానికి జవాబు ఇంకా సులువు. ఫ్యాషన్. రా ఫైల్‌కి (డిజిటల్ కెమెరా నుంచి నేరుగా వచ్చే ఫైల్) కాస్త పసుపు, కాస్త గ్రెయిన్, అదే ఫిలిం గరుకు, కలిపి ఇవ్వండి, ఎవరూ కనిపెట్టలేరు.

మిర్చి_యార్డ్
పెళ్లికూతుర్ని మోసం చేసే పని పెళ్లికొడుక్కి వదిలేయండి రాజా గారూ

కృష్ణలంక_కుర్రోడు
నేను మొదలుపెట్టింది ఇన్‌స్టా చూసే, దాచను. కానీ రెండేళ్లయింది, ఇంకా వదల్లేదు.

నా ఫోన్‌లో పద్నాలుగు వేల ఫోటోలు ఉన్నాయి. వాటిలో తీసిన తర్వాత మళ్లీ చూసినవి రెండొందలు ఉంటాయేమో. రీలు మీద ఇప్పటికి తొమ్మిది రోల్స్ తీశా. ఏ ఫోటో ఎక్కడ నిలబడి తీశానో, అప్పుడు పక్కన ఎవరున్నారో చెప్పగలను. మొన్న సంక్రాంతికి ముందు ప్రకాశం బ్యారేజి మీద పొద్దున్నే పొగమంచు. రీల్లో నాలుగే మిగిలాయి. పడవ ఒకటి గేట్ల వైపు వస్తోంది. అది గేటు నీడలోకి వచ్చేదాకా నలభై నిమిషాలు అక్కడే నిలబడ్డా. చేతిలో ఫోన్ ఉంటే నలభై తీసి టిఫిన్‌కి పోయేవాణ్ని.

రాఫైల్_రాజా
తమ్ముడూ, నలభై నిమిషాలు ఆగడానికి ఫిలిం ఎందుకు? చిన్న కార్డు వేసుకో, 36 అవగానే ఆపెయ్, వెనక స్క్రీన్ మీద టేపు అతికించు. పైసా ఖర్చు లేకుండా అదే క్రమశిక్షణ.

కృష్ణలంక_కుర్రోడు
చేశా అన్నా, నిజంగా చేశా. మూడో రోజుకి టేపు పీకేశా. ఫ్రిజ్ నిండా పెట్టుకుని ఏకాదశి ఉపవాసం ఉండటం, ఇంట్లో బియ్యం నిండుకోవడం ఒకటి కాదు కదా.

మిర్చి_యార్డ్
ఈ ముక్క బాగుంది. నెలాఖరున మా ఇంట్లో అందరం ఫిలిం ఫోటోగ్రాఫర్లమే.

నల్లగుడ్డ_తాత
పై పోస్టులు అన్నీ చదివాను. వన్ టౌన్‌లో ముప్పై ఎనిమిదేళ్లు స్టూడియో నడిపినవాణ్ని, నా మాట కూడా వినండి.

మాకు ఫిలిం అంటే ప్రేమ కాదు, బియ్యం బస్తా. పెళ్లికి '120' అనే సైజు రీళ్లు వాడేవాళ్లం, ఒక్కో రీలుకి 12 ఫోటోలు. నాలుగు రీళ్లకి బేరం కుదిరితే 48 ఫోటోల్లో పెళ్లంతా రావాలి. జీలకర్ర బెల్లానికి ఒకటి, మంగళసూత్రానికి రెండు, తలంబ్రాలకి ఒకటి, అప్పగింతలకి ఒకటి. మిగతావి బంధువుల గ్రూపులకి. పెళ్లికూతురు మేనమామ వచ్చి "మా బ్యాచ్‌ది ఒకటి తియ్యవయ్యా" అంటాడు. వెనకాలే బాబాయిల బ్యాచ్. ఆ తర్వాత తాడికొండ నుంచి వచ్చినవాళ్ల బ్యాచ్. కాదంటే భోజనాల దగ్గర నీకు విస్తరి పడదు. అందుకని ఏం చేసేవాళ్లమో తెలుసా? రీలు తిప్పకుండా ఉత్త ఫ్లాష్ కొట్టేవాళ్లం. వాళ్లు జుట్టు సర్దుకుని, కండువా వేసుకుని, నవ్వి, సంతోషంగా వెళ్లేవాళ్లు. ఆల్బమ్ వచ్చాక అడిగితే "అది సరిగా పడలేదండి" అనే వాళ్లం. ఈ ఊళ్లో ఉత్త ఫ్లాష్ కొట్టని ఫోటోగ్రాఫర్ ఉంటే నాకు చూపించండి.

రాత్రి రెండింటికి పెళ్లి, పొద్దున ఆరింటికి డార్క్‌రూమ్. ఫిలిం మీద బొమ్మ తేల్చే డెవలపర్ మందులో చేతులు నాని గోళ్లు గోధుమరంగుకి తిరిగేవి. నెగెటివ్ మీద పెన్సిల్‌తో రీటచింగ్: మొహం మీద మొటిమ మచ్చ ఉంటే నెగెటివ్‌లో అది చిన్న ఖాళీలా కనిపిస్తుంది, ముల్లులా చెక్కిన పెన్సిల్ మొనతో ఆ ఖాళీ నింపాలి. కాస్త ఎక్కువైతే ప్రింటులో తెల్ల చుక్క పడుతుంది. నా కళ్లద్దాలు అక్కడే వచ్చాయి. డిజిటల్ వచ్చిన రోజు నేను బాధపడలేదు. డార్క్‌రూమ్ తలుపు తీసి ఫ్యాన్ పెట్టించుకున్నాను.

కాబట్టి ఇప్పటి పిల్లలు దాన్ని ముద్దు చేస్తుంటే నవ్వొస్తుంది. అలాగని తప్పనను.

బ్రాడీపేట_క్లిక్
తాతగారూ ఉత్త ఫ్లాష్ మాట మా నాన్నకి చదివి వినిపించా. పది నిమిషాలు నవ్వి, "వన్ టౌన్ వాళ్లే కాదు, అందరం కొట్టాం" అన్నాడు. నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు!

మిర్చి_యార్డ్
మా అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్‌లో మా పెదనాన్న ఎందుకు లేడో ఇవాళ తెలిసింది. నలభై ఏళ్లుగా ఆయన అలిగి ఉన్నాడు.

పాత_సామాను
క్లిక్ గారూ, ఎఫ్ఎం2 అయితే భయం లేదు. 1982లో వచ్చిన మోడల్, షట్టర్ మొత్తం మెకానికల్. బ్యాటరీ లోపలి లైట్ మీటర్‌కి మాత్రమే, అది చచ్చినా కెమెరా పని చేస్తుంది. మీ 45 మెగాపిక్సెల్‌కి బ్యాటరీ తీసేసి చూడండి.

వెనక తలుపు తెరిచి అంచుల్లో నల్ల ఫోమ్ చూడండి. మన ఎండలకి అది కరిగి తారులా జిడ్డు కారుతుంది, అక్కణ్నుంచి వెలుతురు దూరి ఫోటోల మీద ఎర్ర చారలు పడతాయి. లెన్స్‌కి ఒక పక్క నుంచి టార్చ్ వేసి చూడండి. లోపల సాలెగూడులా ఉంటే ఫంగస్. చీరల మధ్య దాచారంటే నాకు అనుమానమే, బీరువా గాలి ఆడదు. పెళ్లికి ముందు ఒక రోల్ టెస్ట్ తీయకుండా వెళ్లకండి.

ఎందుకు కొంటున్నారంటారా, నాకూ అర్థం కాదు కానీ కొంటున్నారు. ఒకప్పుడు తూకానికి ఇచ్చేసిన కెమెరాలకి ఇప్పుడు బేరం ఆడటానికి వస్తున్నారు. అందరూ పాతికేళ్ల లోపు వాళ్లే. కంపెనీలకి కూడా ఇది తెలిసింది, లైకా వాళ్లు 2022లో తమ పాత ఫిలిం కెమెరా ఎం6ని మళ్లీ తయారు చేయడం మొదలెట్టారు. పెంటాక్స్ వాళ్లు 2024లో ఏకంగా కొత్త ఫిలిం కెమెరా వదిలారు, పెంటాక్స్ 17. ఒక ఫ్రేములో సగం సగం పడుతుంది, 36 రోల్‌కి 72 ఫోటోలు వస్తాయి.

ఉప్పలపాడు_కొంగ
నేను పక్షులు తీస్తా. సెకనుకి ఇరవై ఫోటోలు. గూడబాతు నీళ్ల మీద వాలే లోపు మీ రోల్ అయిపోతుంది. తిప్పి కొత్తది ఎక్కించేసరికి అది పిల్లలకి మేత పెట్టి మళ్లీ ఎగిరిపోతుంది. ఈ చర్చలో నాకు పని లేదు, ఉత్త ఫ్లాష్ కోసం కూర్చున్నా.

హైపో_వాసన
అసలు సంగతి ఒకటి ఎవరూ ముట్టుకోలేదు. పెళ్లి మండపంలో వెలుతురు ఎలా ఉంటుందో ఆలోచించండి. తెల్ల పంచె, పట్టు చీర జరీ, ఒంటి నిండా బంగారం, వాటి మీద వీడియోవాళ్ల లైట్లు. పక్కనే నల్ల కోటు వేసుకున్న బావమరిది.

డిజిటల్ సెన్సర్ ఒక గిన్నె లాంటిది. నిండాక ఇంకొక్క చుక్క పట్టదు, ఆ చోట తెలుపు తప్ప ఏమీ మిగలదు. పంచె మడతలు పోయాయంటే పోయాయి, ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు. కలర్ నెగెటివ్ అలా కాదు. వెలుతురు ఎక్కువయ్యే కొద్దీ అది కొంచెం కొంచెంగా గట్టిపడుతుంది కానీ ఒక్కసారిగా తెగదు. రెండు మూడు స్టాప్‌లు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ పడినా మడతలు, జరీ గీతలు నెగెటివ్‌లో దొరుకుతాయి. మొహం మీద మెరుపు చోట చర్మం రంగు మెత్తగా తెలుపులోకి కలుస్తుంది. "ఫిలిం లుక్" అని అందరూ అనేదాంట్లో సగం ఇదే. మిగతా సగం గ్రెయిన్. వెండి లవణాల గింజలు చిన్నా పెద్దా కలిసి ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, గళ్ల నోటు పుస్తకంలా వరసగా ఉండవు.

ఒక హెచ్చరిక. తక్కువ వెలుతురు పడితే ఫిలిం క్షమించదు. నీడల్లో ఏమీ లేకపోతే ఏమీ లేదు, అంతే. డిజిటల్‌లో చీకటిని పైకి లాగొచ్చు. అంటే రెండిటికీ అలవాటు తిరగబడాలి. 400 స్పీడు రోల్ ఎక్కించి మీటర్‌ని 200కి పెట్టండి, కాస్త ఎక్కువ వెలుతురే పడుతుంది, నిశ్చింతగా ఉంటారు. స్లైడ్ ఫిలిం (నెగెటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల్లోనే వచ్చేది) జోలికి మాత్రం పోకండి, దానికి ఈ ఓర్పు లేదు.

రాఫైల్_రాజా
లెక్చరర్ గారి పాఠం బాగుంది, కానీ పదేళ్ల కిందటిది. ఇవాళ్టి సెన్సర్లు ఒక స్టాప్ తగ్గించి తీస్తే పంచె మడతలూ ఉంటాయి, బావమరిది కోటూ ఉంటుంది. నేను రోజూ చేసే పనే.

హైపో_వాసన
నిజమే, ఒప్పుకుంటా. జాగ్రత్తగా తీసే మీ చేతిలో తేడా చాలా తక్కువ. నేను చెప్పేది, ఆ జాగ్రత్త ఫిలిం తయారీలోనే ఉందని.

కృష్ణలంక_కుర్రోడు
ఇంకో కారణం ఉంది. ఏఐ. ఇప్పుడు ఏ ఫోటో చూపించినా "ఇది నిజంగా తీసిందేనా" అంటున్నారు. నెగెటివ్ చూపిస్తే నోరు మూస్తారు.

రాఫైల్_రాజా
ఏఐ బొమ్మని మంచి మానిటర్ మీద పెట్టి, నీ కెమెరాతో దాన్నే ఫోటో తీస్తే నెగెటివ్ రాదా?

కృష్ణలంక_కుర్రోడు
...వస్తుంది. ఈ పాయింట్ వెనక్కి తీసుకుంటున్నా.

మిర్చి_యార్డ్
ఈ ఫోరంలో ఒకడు పాయింట్ వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి. అడ్మిన్ గారూ, పైన పిన్ చేయండి.

సింగ్‌నగర్_అక్క
నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు, మా తమ్ముడు ఈ లింకు పంపాడు. మా ఇంట్లో జరిగింది చెబుతా.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చినప్పుడు మాది కింది వాటా. పొద్దున పాలు కాస్తుంటే గడప దాటింది, మధ్యాహ్నానికి గుండెల దాకా. పిల్లల్ని తీసుకుని పై వాటావాళ్ల ఇంటికి ఎక్కేశాం. కిందకి దిగి చూసుకోవడానికి వారం పట్టింది.

కంప్యూటర్ బల్ల కింద హార్డ్ డిస్క్ ఉండేది. మా పిల్లల పుట్టినప్పటి నుంచీ ఫోటోలు, 2009 నుంచి 2023 దాకా. బురదలో దొరికింది. బాగుచేస్తామన్నవాళ్లు తీసుకెళ్లి, చూసి, రాదని తిరిగి ఇచ్చారు.

మంచం కింద ట్రంకు పెట్టె. అందులో అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్, నెగెటివ్‌ల కవర్లు. నాన్న పోయి పన్నెండేళ్లు. ఆల్బమ్ తెరవబోతే కాగితాలు ఒకదానికొకటి అంటుకుని బొమ్మలు ఊడి వచ్చాయి. ఇక ఏడుపు. స్టూడియోలో పని చేసిన మా పిన్ని మరిది ఫోన్‌లో అరిచినట్టే చెప్పాడు: "ఆరబెట్టకండి! నెగెటివ్‌లు తడిగా ఉంటే తడిగానే ఉంచండి. మంచినీళ్ల బకెట్‌లో వేసి, అవే విడిపోయేదాకా ఆగండి. గోరుతో లాగితే పోతాయి."

ఆ వారం మంచినీళ్లు ట్యాంకర్‌లో వచ్చేవి, బిందెకి క్యూ. అందులో ఒక బకెట్ నెగెటివ్‌లకి అంటే మా ఆయన మొహం చూడాలి. అయినా తెచ్చాడు. బురద నీళ్లు రెండుసార్లు మార్చాం. పెట్టె అడుగున ఇంకా తడిగా ఉన్న కవర్లలోవి ఒక్కొక్కటిగా విడిపోయాయి. పైన ఉన్నవి అప్పటికే ఆరి అతుక్కుపోయాయి, అవి పోయాయి. మేడ మీద తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశాం. పక్క మేడల మీద జనం పరుపులు, పుస్తకాలు ఆరబెడుతుంటే మా తాడు మీద నాన్న పెళ్లి.

మొత్తం పదకొండు ముక్కలు మిగిలాయి. నాన్న మెడలో దండతో నవ్వుతున్న ఒకటి ఉంది, ఒక మూల బురద మరక పోలేదు. దాన్ని అలాగే ప్రింట్ వేయించాం.

ఫిలిం గొప్పదని చెప్పడానికి రాయలేదు. మిగిలింది ఇది అని చెప్పడానికే.

నల్లగుడ్డ_తాత
అమ్మా, మీ పిన్ని మరిది మంచి పనివాడు. అరిచి మంచిపని చేశాడు.

రాఫైల్_రాజా
అక్కా, చాలా బాధేసింది. కాదనడానికి కాదు గానీ ఒక్క మాట. ఆ హార్డ్ డిస్క్‌లోవి ఇంకో ఊళ్లో గానీ క్లౌడ్‌లో గానీ కాపీ ఉంటే ఒక్కటీ పోయేది కాదు. ఫిలింకి రెండో కాపీ ఉండదు. ఆ పైన అతుక్కుపోయినవి ఇక ఎప్పటికీ రావు కదా. ఇది చదువుతున్న అందరూ ఇవాళే బ్యాకప్ తీయండి.

సింగ్‌నగర్_అక్క
మీరన్నది నిజమే. ఇప్పుడు మా తమ్ముడు క్లౌడ్‌లో పెట్టించాడు. ఆ పదకొండూ కూడా స్కాన్ చేసి అందులోనే ఉన్నాయి.

హైపో_వాసన
నెగెటివ్‌లు దాచేవాళ్లకి: బీరువా తెరిస్తే వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చిందంటే ఫిలిం పునాది పాడవడం మొదలైందని అర్థం. మన వేడికి, తేమకి అది త్వరగా పాకుతుంది. వాసన వచ్చినవాటిని వేరు చేసి వెంటనే స్కాన్ చేయించండి.

బ్రాడీపేట_క్లిక్
సాయంత్రం నాన్నా నేనూ బీరువా అంతా వాసన చూశాం. అమ్మ వచ్చి "కలరా ఉండలు వేశాను, ఏమీ లేదు" అంది.

టెస్ట్ రోల్ సగం తీశా. శంకర్ విలాస్ సెంటర్‌లో ట్రాఫిక్, మిర్చి యార్డులో బస్తాలు, నాన్న. అలవాటు కొద్దీ ప్రతి క్లిక్‌కీ కెమెరా వెనక్కి తిప్పి చూస్తున్నా. నల్ల తలుపు. నాన్న నవ్వుతున్నాడు.

ఇది ఎక్కడ కడిగించాలి? కొడాక్ మూసేశారు కదా, కెమికల్స్ అసలు వస్తున్నాయా?

పాత_సామాను
కొడాక్ మూతపడలేదు. 2012 జనవరిలో దివాలా రక్షణ కోసం కోర్టుకి వెళ్లింది, 2013లో బయటపడింది. ఫిలిం ఇప్పటికీ అమెరికాలో రోచెస్టర్ ఫ్యాక్టరీలోనే తయారవుతోంది. 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిలింని 2018లో మళ్లీ తెచ్చారు కూడా. తమాషా ఏంటంటే మొదటి డిజిటల్ కెమెరా కట్టింది కూడా కొడాక్ ఇంజనీరే. 1975లో స్టీవ్ సాసన్. క్యాసెట్ మీద ఒక్క ఫోటో రికార్డ్ కావడానికి 23 సెకన్లు.

మూతపడింది మనది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్, ప్రభుత్వ సంస్థ, ఇందు బ్రాండ్.

నల్లగుడ్డ_తాత
ఇందు ఫిలిం వాడాను. ఇందు పేపర్ మీద ఎన్ని పాస్‌పోర్ట్ ఫోటోలు కొట్టానో లెక్కలేదు. ఇంకో సంగతి. వాడేసిన హైపోని (ఫిలిం మీద బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే మందు) పారబోసేవాళ్లం కాదు. ఫిలింలో ఉన్న వెండి అందులోకి దిగుతుంది. డబ్బాలు పట్టుకుని కొనుక్కోవడానికి మనుషులు వచ్చేవాళ్లు. ఆ డబ్బులతో మా ఆవిడ పండక్కి పట్టీలు కొంది. పెళ్లిళ్ల వెండి ఆవిడ కాళ్ల మీదకి వచ్చిందని అనేవాణ్ని.

కృష్ణలంక_కుర్రోడు
ల్యాబ్ విషయంలో జాగ్రత్త అన్నా. నేను డబ్బులు మిగులుతాయని సినిమాలకి వాడే ఫిలిం డబ్బాలో చుట్టి అమ్మితే కొన్నా. నేను కొన్నదాని వీపున నల్లటి మసి పొర ఉంది, దాన్ని ముందుగా సోడా పొడి కలిపిన నీళ్లలో కడిగి తీసేయాలి. ఆ సంగతి కవర్ మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ పంపినా, ఒక ల్యాబ్ వాళ్లు మామూలు కలర్ మెషీన్‌లో పెట్టేశారు. నా ఫోటోలు పోయాయి, వాళ్ల మెషీన్ కూడా మసి పట్టింది. ఎవరి తప్పు అన్నదానికి రెండు వారాలు ఫోన్‌లో పోట్లాట. ఆ తర్వాత ఇంట్లోనే కడుక్కుంటున్నా.

హైపో_వాసన
బ్లాక్ అండ్ వైట్ ఇంట్లో కడగటం కష్టం కాదు. కష్టమంతా మన ఊరి నీళ్లు. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మధ్యాహ్నం ట్యాంకు కుళాయి తిప్పితే స్నానానికే వేడి ఎక్కువ. నేను పళ్లెంలో ఐస్ ముక్కలు పోసి అందులో సీసాలు నిలబెడతా. డీ-76 అనే డెవలపర్‌లో హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ రోల్‌కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. వేడి పెరిగితే టైమ్ తగ్గించాలి. ఐదు నిమిషాల కన్నా కిందకి పోతే మచ్చలు మచ్చలుగా వస్తుంది, అప్పుడు డెవలపర్‌లో సగం నీళ్లు కలిపి టైమ్ పెంచుకోవాలి.

కలర్‌కి ఉల్టా. అది 38 డిగ్రీల దగ్గర మూడుంపావు నిమిషాలు. మన ట్యాంకు నీళ్లు దానికోసమే పుట్టాయి.

ఎర్ర లైటు వేసుకుని ఫిలిం కడగకండి. సినిమాల్లో చూపించేది ప్రింట్ పేపర్‌కి. ఫిలింకి కటిక చీకటి కావాలి. నేను దుప్పటి కప్పుకుని డబ్బాలోకి చుడతా, మా అబ్బాయి చూసి నాకు చలిజ్వరం అనుకున్నాడు.

మిర్చి_యార్డ్
మే నెలలో బెజవాడలో దుప్పటి కప్పుకునే మనిషికి జ్వరం కాదు, వేరే ఏదో ఉంది సార్

అడ్మిన్_బెజవాడ
ల్యాబ్‌ల పేర్లతో గొడవపడిన నాలుగు పోస్టులు తీసేశాను. మిగతాది కొనసాగించండి.

బ్రాడీపేట_క్లిక్
ఇవాళ పెళ్లికూతురితో మాట్లాడా. మీరందరూ పంచె మడతలు, వెండి గింజలు, బుడమేరు అన్నారు కదా. ఆ అమ్మాయి కారణం వేరే.

"అక్క పెళ్లిలో ఫోటోగ్రాఫర్ తీసిందల్లా వెంటనే చూపించాడండి. అక్క ప్రతిదీ చూసి ముక్కు బాలేదు, పాపిట బిళ్ల పక్కకి పోయింది, మళ్లీ తియ్యండి అంది. పంతులుగారు మంత్రం ఆపి కూర్చున్నారు. నేనూ అలాగే చేస్తాను, నా సంగతి నాకు తెలుసు. చూడ్డానికి వీల్లేని కెమెరా ఒకటైనా ఉంటే ఆ కాసేపు నేను పెళ్లి చేసుకుంటాను."

నేనేం మాట్లాడలేదు. పాపిట బిళ్ల కోసం మంత్రం ఆపించిన ఫోటోగ్రాఫర్లలో నేనూ ఒకణ్ని.

రాఫైల్_రాజా
దీనికి నా దగ్గర ప్రీసెట్ లేదు.

సింగ్‌నగర్_అక్క
తెలివైన పిల్ల.

బ్రాడీపేట_క్లిక్
పెళ్లి అయిపోయింది. స్కాన్‌లు నిన్న రాత్రి వచ్చాయి. దాచకుండా చెబుతా.

మొదటి రోల్: పెళ్లికూతుర్ని చేయడం, నలుగు, మంగళస్నానం. 36లో 29 బాగా వచ్చాయి. హైపో గారు చెప్పినట్టు మీటర్ 200కి పెట్టా. నలుగు పెడుతుంటే కిటికీ వెలుతురు పడిన ఒకటి ఉంది. పసుపు బుగ్గ మీద ఎక్కడ ఆగి చర్మం ఎక్కడ మొదలైందో చెప్పలేను. అదే నిమిషంలో డిజిటల్‌లో తీసింది పక్కన పెట్టి చూశా. డిజిటల్‌దే షార్ప్‌గా ఉంది. నాన్న రెండూ చూసి ఫిలిందాని దగ్గర ఆగాడు. ఎందుకు అంటే "ఏమో" అన్నాడు.

రెండో రోల్: ముహూర్తం తెల్లవారుజామున 3:40కి. హడావుడిలో మండపం వెనక కుర్చీ మీద కూర్చుని ఎక్కించా. జీలకర్ర బెల్లం, సూత్రం, తలంబ్రాలు అన్నీ తీశా. 36 దాటింది. 38 దాటింది. లివర్ ఇంకా హాయిగా తిరుగుతోంది. అప్పుడు ఒళ్లు చల్లబడింది. తలుపు తీస్తే రీలు మొన అవతలి స్పూల్‌కి పట్టుకోలేదు. డబ్బాలో నుంచి ఒక్క అంగుళం కూడా కదల్లేదు. ఒక్క ఫ్రేమ్ కూడా పడలేదు. రెండో బాడీ మీద మా అసిస్టెంట్ డిజిటల్‌లో తీశాడు కాబట్టి బతికిపోయా.

పెళ్లికూతురికి ఫోన్ చేసి చెప్పా. కాసేపు మాట లేదు. తర్వాత "ఆ టైమ్‌లో నేను ముక్కు గురించి ఆలోచించలేదండి" అని నవ్వింది. ఆ రోల్ డబ్బులు తీసుకోలేదు.

నల్లగుడ్డ_తాత
అంటే ముహూర్తం మొత్తం ఉత్త ఫ్లాష్ కొట్టావు.

మిర్చి_యార్డ్
తాత ఈ ఒక్క మాట కోసం నెల రోజులు కాచుకుని కూర్చున్నాడు

నల్లగుడ్డ_తాత
నవ్వుతున్నానని అనుకోకు బాబూ. నాకు ఒకసారి 1986లో జరిగింది, అప్పుడు పక్కన డిజిటల్ అసిస్టెంట్ లేడు. రీలు ఎక్కించాక లివర్ తిప్పేటప్పుడు ఎడమ చేతి వైపు రివైండ్ నాబ్ చూడాలి. అది కూడా తిరిగితే రీలు కదులుతున్నట్టు. అది తిరగకపోతే నువ్వు ఉత్త గాలి తిప్పుతున్నట్టు. మీ నాన్న చెప్పలేదా?

బ్రాడీపేట_క్లిక్
చెప్పాడు తాతగారూ. ఫోన్ చూసుకుంటూ విన్నా.

పాత_సామాను
ఆ రెండో రోల్ పారేయలేదు కదా? ముందు మొన తప్ప మిగతాదంతా డబ్బాలోనే చీకట్లో ఉంది, బంగారంలా పనికొస్తుంది.

బ్రాడీపేట_క్లిక్
పారేయలేదు. ఇవాళ పొద్దున అదే మళ్లీ ఎక్కించా. నాన్న పక్కనే నిలబడ్డాడు.

నల్లగుడ్డ_తాత
నాబ్ తిరుగుతోందా?

బ్రాడీపేట_క్లిక్
తిరుగుతోంది.